షినో మునిగిన రేవు

కునికో షియోగామా రేవుపట్నంలో చేపముద్దలు ఆవిరిపెట్టే ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తోంది. ఇంటికి రాగానే చేతుల నీచువాసన వదిలేదాకా కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చునేది. పదేళ్లపాటు ఆమె ఆడింది ఒకే ఒక్క ఆన్‌లైన్ ఆట, ‘కడలి దీపాలు’. అందులో దీవి నుంచి దీవికి జనాన్ని దాటించే పడవమనిషి షినో అంటే ఆమెకు ప్రాణం.

ఆట చివరి అధ్యాయంలో షినో చచ్చిపోయింది. ఎలాగో, ఎందుకో లేదు. ‘షినో పడవ తిరిగి రాలేదు’ అని ఒక్క వాక్యం, అంతే. ఆ వెంటనే ఊరంతా పండగ చేసుకుంది. సునామీలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న కునికోకి ఒళ్లు మండిపోయింది. ఆ ముగింపును చీల్చి చెండాడుతూ ముప్పై పేజీలు రాసింది. అక్కడితో ఆగక, షినో బతికి ఒడ్డు చేరేలా తన సొంత ముగింపు మరో నలభై పేజీలు రాసింది. స్నేహితురాలు ఎత్సుకో బొమ్మలు వేసింది, రెండూ కలిపి పుస్తకంగా అచ్చు వేయించారు. సెందాయ్‌లో ఏడాదికి రెండుసార్లు జరిగే అభిమానుల సంతలో ఇద్దరూ బల్ల వేసుకుని ఆ పుస్తకం అమ్మేవాళ్లు.

మార్చిలో కంపెనీ ఆటను మూసేసింది. ఇక దాన్ని ఎవరూ ఆడలేరు, కనీసం చూడలేరు కూడా. జూన్ సంతలో వాళ్ల బల్ల దగ్గర ఆగేవాళ్లే కరువయ్యారు.

చేతికర్రతో ఒక ముసలాయన మాత్రం వచ్చి, పుస్తకం తీసుకుని, నిలబడే చదవసాగాడు. అరగంటైనా కదల్లేదు.

“ఏమే, తాతగారు మొత్తం ఇక్కడే చదివేసి చక్కాపోయేలా ఉన్నాడు,” ఎత్సుకో గొణిగింది.

“ఊరుకోవే, వింటాడు.”

విననే విన్నాడు. “కొంటాలేమ్మా, కంగారుపడకు,” అని, పుస్తకం వాళ్లవైపు తిప్పి ఒక వాక్యం మీద వేలు పెట్టాడు. “ఇది మీలో ఎవరు రాశారు?”

‘ఈ కథ రాసినవాడు జన్మలో ఎవరినీ పోగొట్టుకుని ఉండడు.’

“నేనే,” అంది కునికో బింకంగా.

“నా పేరు ఉదగావా. ఆ కథ రాసింది నేను.”

ఆయన గొంతు పెంచకుండానే చెప్పుకుపోయాడు. “నాలుగు రోజుల్లో ముగించమన్నారు. అప్పుడు నా భార్య ఆస్పత్రిలో ఉంది. ఆవిడ మంచం పక్కన కూర్చునే రాశాను. పంపిన మర్నాడే పోయింది.”

కునికో నడుము వంచి తల దించుకుంది. “క్షమించండి. ఆ మాట నేను రాయకుండా ఉండాల్సింది.”

“నీకెలా తెలుస్తుంది? ఆ ఒక్కటి తప్ప నువ్వన్నవన్నీ నిజమే. చెత్తగా రాశాను. కాకపోతే నీ ముగింపు కూడా గొప్పగా ఏం లేదమ్మా.”

“ఏంటండీ లేనిది?” ఎత్సుకో గయ్యిమంది.

“షినో ఒడ్డెక్కింది, అందరూ ఏడ్చారు. ఆ తర్వాత? ఆ మనిషికి ఒక్క పని ఇవ్వలేదు. బతికించి బొమ్మలా నిలబెట్టేశారు.”

ఆయన డబ్బులిచ్చి పుస్తకం సంచీలో పెట్టుకున్నాడు కానీ వెళ్లలేదు.

“నా రాత నా దగ్గర లేదు. కంప్యూటర్ పాడైపోయింది. కంపెనీవాళ్లని అడిగితే లేదన్నారు. నువ్వేమో నా మాటల్ని పొల్లు పోకుండా ఎత్తి చూపించావు. మిగతాది గుర్తుందా?”

“తప్పులు పట్టడానికి పదకొండుసార్లు ఆడానండీ.”

“అయితే రాసిపెట్టగలవా? ఆ నాలుగు రోజులవి నాకింకేమీ మిగల్లేదు.”

తిరుగు రైల్లో ఎత్సుకో దులిపేసింది. “నీ రాత బాలేదన్నాడు. పైగా ఆయనకు ఊడిగం కూడానా? నీకు బుద్ధుందా?”

“ఆ వాక్యం రాసింది నేనే కదే,” అంది కునికో.

వేసవంతా రాసింది. పెద్దాయనకు ఇచ్చేది కదా అని మంచి కాగితం మీద కలంతో, చేత్తోనే రాసింది. రాస్తూ రాస్తూ మనసు మారుతుందేమో అనుకుంది, మారలేదు. ముగింపు అప్పుడెంత అధ్వాన్నమో ఇప్పుడూ అంతే. అయితే ఆ అధ్యాయంలో ఒక్కరూ కూర్చోరు. అందరూ గుమ్మాల దగ్గర నిలబడి, దారినపోయేవాళ్లని “కబురేమైనా వచ్చిందా?” అని అడుగుతుంటారు. ‘పేజీలు నింపడానికి రాసిన సొద’ అని తన పుస్తకంలో దాన్ని ఎద్దేవా చేసింది. ఇప్పుడు అదే మాట ఏడోసారి రాస్తుంటే, సునామీ అప్పుడు జనం తలదాచుకున్న బడి గుమ్మంలో తమ్ముడి కోసం నిలబడిన మూడు రోజులు గుర్తొచ్చాయి.

సెప్టెంబరులో కాగితాలు పట్టుకుని వెళ్లేసరికి ఉదగావా ఆస్పత్రిలో ఉన్నాడు. చూపు ఆనడం లేదంటే తనే చదివి వినిపించింది.

“ఇంత చెత్తగానా రాశాను?” అన్నాడాయన నవ్వుతూ.

“ఇంత చెత్తగానేనండీ. గుమ్మాల దగ్గరి మనుషులు మాత్రం నిజం మనుషులు. నాకే ఆలస్యంగా తెలిసింది.”

ఆయన కళ్లు మూసుకున్నాడు. “దీన్ని దిద్దకు. ఇలాగే ఉండనీ. నీది మాత్రం మళ్లీ రాయి,” అన్నాడు.

అక్టోబరు చివర్లో ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న పోయారని, అంత్యక్రియలు కూడా అయిపోయాయని చెప్పింది.

“మీరు రాసిచ్చిన కాగితాలు నాన్న తలగడ కిందే పెట్టుకునేవారు. శవపేటికలో ఆయనతోపాటే పెట్టి దహనం చేసేశామండీ. మీ దగ్గర ఇంకో ప్రతి ఉంటుంది కదా?”

కునికో దగ్గర ఇంకో ప్రతి లేదు.

“ఉందండీ,” అంది. “మీరేం బాధపడకండి.”

ఆ ఆదివారమే ఆయన అధ్యాయాన్ని మళ్లీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది. మొదటి పది పేజీలు కలం ఆగకుండా సాగాయి. పదకొండో పేజీలో, రేవు దగ్గర షినో తాడు విప్పుతూ ముసలి కావలివాడితో అన్న మాట దగ్గర ఆగిపోయింది. రెండు మాటలు తోచాయి. ఒకటి ఆయనది, ఇంకొకటి తన నలభై పేజీలకని అనుకుని, అచ్చులో వదిలేసినది. ఏది ఎవరిదో ఎంత ఆలోచించినా తేలలేదు.

ఎత్సుకోకి ఫోన్ చేసి రెండూ చదివి వినిపించింది.

“రెండోదే బాగుందే,” అంది ఎత్సుకో.

“బాగున్నది కాదే నాక్కావలసింది.”

కునికో ఫోన్ పెట్టేసి, ఆ వాక్యానికి సరిపడా చోటు ఖాళీగా వదిలి, కింది వాక్యం రాయసాగింది.