ఉరుకుమన్నదెవరు?

దంతాలపల్లిలో నిరంజన్ గొంతు తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళు జనగామ, మానుకోట రూట్లో బస్సు కండక్టరు. "ఉరుకుండ్రి, ఉరుకుండ్రి, బండి పోతది!" అని ఒక్క కేక వేస్తే చాయ్ తాగేవాడు గ్లాసు సగంలో వదిలేసి పరుగెత్తేవాడు. అలాంటి మనిషి ఆరేళ్ళుగా గొంతెత్తి మాట్లాడలేదు. గోదావరిలో లాంచీ మునిగి వారం రోజులు టీవీల నిండా అదే నడిచినప్పుడు, ఊరి నుంచి పోయిన పదకొండు మందిలో బతికి వచ్చింది ఇతనొక్కడే. నీళ్ళు మింగి గొంతు పోయిందని జనం జాలిపడతారు. జాలికి ఖర్చేముంది కనక.

గొంతేమీ పోలేదు. ఆ రోజు సుడి దగ్గర లాంచీ గట్టిగా కుదిపింది. అందరూ లేచి నిలబడ్డారు. లాంచీ నిండా మన దిక్కు జనమే. లాంచీ నడిపే సరంగు మాత్రం కోస్తా మనిషి. వెనక్కి తిరిగి "ఊరుకోండి, ఊరుకోండి!" అని అరిచాడు. కూర్చున్నచోటే నెమ్మదిగా ఉండండని అతని భావం. ఇంజను మోతలో నిరంజన్ చెవిన పడింది వేరు. ఇరవై ఏళ్ళు తన నాలుక మీద ఆడిన మాటే పడింది.

"ఉరుకుమంటుండు! ఉరుకుండ్రి!" అని కేక పెట్టాడు. కండక్టరు కేక, విననివాడెవడు? జనమంతా ఒక పక్కకు పరుగెత్తారు. లాంచీ ఆ పక్కకే ఒరిగింది.

ఈది బయటపడ్డ సరంగు ఊరుకోమన్నానంటున్నాడు, మరి మీలో ఉరుకుమన్నదెవరని విచారణకు వచ్చిన ఆఫీసరు అడిగాడు. అప్పుడు గాని నిరంజన్‌కు అసలు మాట తెలియలేదు. నీళ్ళు నమిలాడు. చివరికి, "చిరంజీవి గొంతు లెక్క వినవడ్డది సార్" అన్నాడు. చిరంజీవి ఆ పదకొండు మందిలో ఒకడు, పాతికేళ్ళ ట్రాక్టరు డ్రైవరు. శవం కూడా దొరకలేదు. అడగడానికి తిరిగిరాడు కదా అనుకున్నాడు పిరికి సన్నాసి.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. చిరంజీవికి ఆ భాగ్యమూ దక్కలేదు. లాంచీ ముంచింది వాడేనని ఊరంతా నమ్మింది. అతని తల్లి పెంటమ్మను ఊళ్ళో నాట్లకు పిలవడం మానేశారు. పత్తి ఏరడానికి ఆ ముసలిది భూపాలపల్లి దాకా పోయేది.

ఈ ఏడు పోయినవాళ్ళ పేర్లు చెక్కించి బస్టాండు దగ్గర రాయి పాతాలనుకున్నారు. పెంటమ్మ పొద్దున్నే వచ్చి నిరంజన్ గడప ముందు కూర్చుంది.

"వాని పేరు చెక్కద్దంటున్నరు బిడ్డా. శవమన్న దొరకకపాయె, మీద వడి ఏడ్వనన్న లేకపాయె. రాయి మీద పేరుంటే చెయ్యి వెట్టి చూస్కుంట. బతికొచ్చినోనివి, నీ మాటింటరు. జర నువ్వు చెప్పు."

నిజం నోటిదాకా వచ్చింది. అంతలో భార్య శాంతి చాయ్ తెచ్చింది. "వస్త అవ్వా" అని మాత్రం అన్నాడు.

బస్టాండు దగ్గర అందరూ కూడారు. భర్తను పోగొట్టుకున్న సుజాత అడ్డం తిరిగింది.

"మా ఇంటాయనను పొట్టన వెట్టుకున్నోని పేరు ఆయన పేరు పక్కనా? నేనొప్ప."

అందరూ నిరంజన్ వైపు చూశారు. కేక పెట్టింది తానేనని చెప్పే నాలుగు మాటలూ దారి పొడుగునా కూడబలుక్కుంటూనే వచ్చాడతను. లేచి నిలబడ్డాడు. సుజాత మొహం చూశాడు.

"పోనియ్యి సుజాతా. భయంల ఎవలన్న ఒర్రుతరు. పోరడు కావాల్నని అన్నడా? పేరు రాయుండ్రి" అన్నాడు.

జనం మెత్తబడ్డారు. సుజాత తల తిప్పుకుంది గాని మళ్ళీ కాదనలేదు. "నిరంజనన్న మనసు వెన్న" అన్నారెవరో. తన తప్పును ఇంకొకడి పేరు మీద తానే మన్నించి, ఆ పుణ్యం కూడా తానే మూటగట్టుకున్నాడు మహానుభావుడు.

పెంటమ్మ వచ్చి అతని కాళ్ళు పట్టుకుంది. లేపబోయి తానే కూలబడ్డాడు నిరంజన్. ఆరేళ్ళ ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"అవ్వా... ఆయాల... ఉరుకుమన్నది..." అన్నాడు వెక్కిళ్ళ మధ్య.

తన కొడుకును తలచుకుని ఏడుస్తున్నాడనుకుంది పెంటమ్మ. కొంగుతో అతని మొహం తుడిచి, వీపు నిమిరింది.

"ఊకో బిడ్డా, ఊకో" అంది.

ఈసారి మాట తప్పు వినబడలేదు. నిరంజన్ ఊరుకున్నాడు.