మూడు కాపీలు, మూడు తప్పులు

ఫిల్మ్ నగర్‌లో డైలాగులు రాసే రఘునందన్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. ఊరంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పడుతున్న ఆ రోజుల్లో, ఆయన మాత్రం తన సీన్లు ఎత్తుకుపోయే దొంగ వెంట పడ్డాడు. అప్పటికే రెండు సీన్లు శ్రీనగర్ కాలనీలోని వేరే కంపెనీ సినిమాలో తేలాయి. మూడోది కూడా పోతే వేరే రచయితను చూసుకుంటానని నిర్మాత మొహం మీదే చెప్పాడు.

చివరికి ఆయనకో ఉపాయం తట్టింది. టైపిస్టు పద్మప్రియ భోజనానికి వెళ్లిన సమయం చూసి, రెండు వేళ్లతో కంప్యూటర్ మీద నానా తంటాలు పడి, కొత్త సీను మూడు కాపీలు తీశాడు. దర్శకుడి కాపీలో బాధను "భాద" చేశాడు. నిర్మాత కాపీలో శాకాహారాన్ని "శాఖాహారం" చేశాడు. హీరో మేనేజర్ కాపీలో విద్యార్థిని "విధ్యార్ది" చేశాడు. సీను బయటపడితే, అందులోని తప్పే దొంగ పేరు చెబుతుంది. కవర్లలో పెట్టి పంపమని మూడింటినీ శాంతరాజుకు ఇచ్చాడు. పద్దెనిమిదేళ్లుగా ఆయన రాతలో ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసేది ఈ పెద్దమనిషే.

పది రోజులకు ఎవరో ఆ వేరే కంపెనీలో దొరికిందంటూ ఆ సీను జెరాక్సు తెచ్చి చూపించారు. వెతికి వెతికి చూసినా ఒక్క తప్పూ లేదు. రఘునందన్‌కు ఒళ్లు మండిపోయింది. తప్పుల్లేని కాపీ చేయగల మనిషి ఆఫీసులో ఒక్కడే. పద్మప్రియ చూస్తుండగానే శాంతరాజును నిలదీశాడు.

"ఎవరికిచ్చిండ్రు శాంతరాజుగారూ? ఇన్నేండ్లు దొంగను పక్కన పెట్టుకున్ననా?"

శాంతరాజు పద్మప్రియను కాసేపు బయట కూర్చోమన్నాడు. ఆమె వెళ్లాక గొంతు తగ్గించాడు.

"మూడింట్లోనూ తప్పులున్నాయండీ. తను టైపు చేయలేదని ఆ అమ్మాయి చెప్పింది. తొందరలో జారే పొరపాట్లు తప్ప, మీరు అలాంటి తప్పులు రాసే మనిషి కాదు. మతిమరుపు మొదలైందేమోనని భయపడ్డాను. నిర్మాతకు తెలిస్తే సినిమా పోతుందని, దిద్దించి కొత్తగా ప్రింటు తీయించి పంపాను."

రఘునందన్ సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. రేపు కూర్చుని మాట్లాడుకుందామని గొణిగాడు.

"రేపట్నుంచి నేను రానండీ" అన్నాడు శాంతరాజు. గొంతులో కోపం కూడా లేదు.

దొంగ దొరకనే లేదు. వారం తర్వాత రఘునందన్ క్షమించమంటూ శాంతరాజుకు ఉత్తరం రాశాడు. నాలుగే వాక్యాలు. ఎన్నిసార్లు చదువుకున్నా ఎక్కడో తప్పు ఉండిపోయిందనే అనుమానం. పంపేముందు ఎవరికి చూపించాలో తెలియక, దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.