మేనేజరుకి ఉప్పు పథ్యం

మా తమ్ముడు పళ్ల డాక్టరు. వాడి ఆస్పత్రికి సర్వాధికారిణి నేను. పేర్లు రాసేది నేను, ఫోనెత్తేది నేను, పన్ను పీకించుకున్నవాళ్లకి గోరువెచ్చటి ఉప్పునీళ్లు కలిపిచ్చేదీ నేనే. రోగుల ముందు వాణ్ణి "డాక్టరుగారూ" అంటాను. తలుపు మూసుకున్నాక "ఒరేయ్" అంటాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పద్ధతి.

నాకు వచ్చిన వైద్యం ఒక్కటే, ఉప్పునీళ్లు. చిగురు వాచినా, గొంతు మండినా, నాలిక పూసినా నా సీసాలో ఉప్పు తీసి గ్లాసులో కలపాల్సిందే. తమ్ముడికి ఆరేళ్లప్పుడు పన్ను పోటొచ్చి ఇల్లెగిరిపోయేలా ఏడిస్తే, పదమూడేళ్లదాన్ని, రోజంతా పక్కన కూర్చుని పుక్కిలింపించి నయం చేశాను. వీడు డాక్టరయింది ఆ ఉప్పునీళ్ల చలవేనని చుట్టాలందరికీ చెబుతూ ఉంటాను.

ఆస్పత్రి ముందు గదిలో, రోగులు కూర్చునే బెంచీ ఎదురుగా, సముద్రపు చేపల తొట్టి ఉంది. అందులో రొయ్యలు రెండు, నత్తలు నాలుగు, చేప ఒక్కటే. అరచేయంత పసుపుపచ్చ చేప. ఎవరు లోపలికొచ్చినా అద్దం దగ్గరికొచ్చి ఎగాదిగా చూస్తుంది కనక దానికి మేనేజరని పేరు పెట్టాను. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే తాళం తీయగానే నా వేళ్ల మధ్య నుంచి నాచు ముక్క లాక్కుని తినడం దాని అలవాటు. నాకు కోపమొచ్చిన రోజున ఇంట్లో ఒక్కరూ నా దరిదాపులకి రారు. మేనేజరు మాత్రం వస్తుంది.

ఒక సోమవారం అది నాచు ముట్టలేదు. రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది. కళ్లజోడు సవరించుకుని చూద్దును కదా, ఒంటినిండా తెల్లచుక్కలు, ఎవరో సన్న ఉప్పు చల్లినట్టు!

"డాక్టరుగారూ!" అని కేక పెట్టాను. తమ్ముడు ఒక పెద్దాయన్ని నోరు తెరిపించి, అలాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"పురుగక్కా," అన్నాడు తొట్టిలోకి చూసి. "చర్మంలోకి దూరి కూర్చుంటుంది. మొప్పల్లో ఎక్కువైందంటే చేపకి ఊపిరాడదు."

"అయితే మందు వెయ్యి! నన్ను చూస్తావేం?"

"మందు కాదక్కా, ఉప్పు తగ్గించాలి. ఈ పురుగు సముద్రపు నీళ్లకి అలవాటుపడ్డది. ఉప్పు మూడో వంతుకి దించామంటే దాని ఒంట్లోకి నీళ్లు చేరి పగిలి చస్తుంది. చేప ఓర్చుకుంటుంది. రొయ్యలూ నత్తలూ ఓర్చుకోలేవు కాబట్టి వాటినిక్కడే ఉంచి, దీన్నొక్కదాన్నే వేరే తొట్టిలో పెడదాం. చేప లేకపోతే ఇక్కడున్న పురుగులూ కొన్ని వారాల్లో పోతాయి."

ఉప్పు తగ్గిస్తే జబ్బు తగ్గడమా! వీడికి మతిగానీ పోయిందా అనుకున్నాను. లోపల నోరు తెరుచుకున్న పెద్దాయన "ఆ... ఆ..." అంటున్నాడు కనక అప్పటికి ఊరుకున్నాను.

మేనేజరుని వెనకగదిలో అద్దాల తొట్టిలోకి మార్చాం. రెండు రోజులపాటు తమ్ముడు గంటకో చెంబుడు ఉప్పునీళ్లు తీయడం, చెంబుడు మంచినీళ్లు పోయడం. వాడి దగ్గర గొట్టంలాంటి పరికరం ఒకటుంది. దాని అద్దం మీద రెండు చుక్కల నీళ్లు వేసి, కిటికీ వైపు పెట్టి చూస్తే లోపల అంకె కనిపిస్తుంది. సముద్రపు నీళ్లకి ఇరవై ఐదు. వాడు తొమ్మిదికి దించాడు.

"తొమ్మిది దాటకూడదక్కా. చుక్కలు పోయాక కూడా నాలుగు వారాలు ఇలాగే ఉండాలి. మధ్యలో పెరిగిందా, పడ్డ కష్టమంతా బూడిదలో పోసినట్టే."

నేను తలూపాను. తలూపడానికేం!

మర్నాడు మేనేజరు ఒక మూల నక్కి, రెక్కలు ముడుచుకుని ఉంది. సముద్రంలో పుట్టిన ప్రాణికి చప్పిడి పథ్యం పెడతాడా! తమ్ముడు భోజనానికి వెళ్లగానే నా సీసాలోంచి పిడికెడు ఉప్పు తీసి తొట్టిలో వేశాను. కాసేపటికి అది తోక ఆడించింది. చూశావా మరి, అనుకున్నాను. ఆ మర్నాడు ఇంకో పిడికెడు వేశాను.

తమ్ముడు గొట్టంలో చూసి మొహం చిట్లించాడు. పదకొండు. రెండు చెంబులు తీసి మంచినీళ్లు పోశాడు. మర్నాడు మళ్లీ పదకొండు. గొట్టాన్ని తిట్టి కొత్తది కొన్నాడు. అదీ అదే చెప్పింది.

"నువ్వేమైనా నీళ్లు పోశావా అక్కా?"

"ఒక్క చుక్క నీళ్లు పోసుంటే ఒట్టు!" అన్నాను. అది నిజమే కదా, నీళ్లు పోయలేదు.

ఇలా వాడు తీయడం, నేను వేయడం. ఎనిమిదో రోజుకి మేనేజరు ఒంటి మీద చుక్కలు రెట్టింపయ్యాయి. నీళ్ల పైకొచ్చి మొప్పలు గబగబా కొట్టుకుంటోంది.

ఆ మధ్యాహ్నం తమ్ముడు రోగులెవరినీ పిలవలేదు. వెనకగదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. నేను వెళ్లేసరికి తొట్టి పక్కన స్టూలు మీద తల పట్టుకుని ఉన్నాడు.

"దీన్ని చేపల కొట్టాయనకి ఇచ్చేస్తానక్కా. ఆయనైనా బతికిస్తాడేమో," అన్నాడు. "నా చెయ్యి పనికిరాకుండా పోయింది. ఇంత ఉప్పు కొలవడం చేతకానివాణ్ణి, మనుషుల దవడలో మత్తుసూది ఎలా పొడిచేది? కొన్నాళ్లు ఆస్పత్రి మూసేద్దాం."

చాచి చూపించాడు. చెయ్యి నిజంగానే వణుకుతోంది. చేప సంగతి అటుంచి, నా తమ్ముడి చేతినే పాడుచేశానని అప్పుడు తెలిసొచ్చింది నాకు. సిగ్గుతో చచ్చిపోయాను. గబగబా వెళ్లి ఉప్పు సీసా తెచ్చి వాడి ముందు పెట్టాను.

"నీ చేతికేం రోగం లేదు. ఇదిగో, రోజూ పిడికెడు వేసింది నేను."

వాడు సీసాని చూశాడు, నన్ను చూశాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

"ఎందుకక్కా?"

"ఆ రోజు నీకు నయమైంది కదరా!" అనేసి భోరుమన్నాను. "ఆ పన్ను పోటు! నా ఉప్పునీళ్లతోనే కదరా తగ్గింది!"

తమ్ముడు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"అది పాలపన్నక్కా! ఊడే టైమొచ్చి ఊడింది."

"ఆఁ? మరి నలభై ఏళ్లనుంచి చెప్పవేంరా!"

"అన్నం కూడా తినకుండా రోజంతా నా పక్కనే కూర్చున్నావు. నీకెలా చెప్పనక్కా?"

నాకు మళ్లీ ఏడుపొచ్చింది, ఈసారి వేరే రకం ఏడుపు.

ఆ సాయంత్రమే మళ్లీ తొమ్మిదికి దించడం మొదలుపెట్టాం. సీసాని ముందు గది బీరువాలో పెట్టి తాళం వేశాను. గొట్టంలో చూడడం నేర్చుకుని రోజుకి మూడుసార్లు చూశాను. ఆవిరైపోయినంత మేరకు మంచినీళ్లు పోశాను. తమ్ముడు రోగుల్ని పిలిచాడు. మొదటి రోజు ఒకావిడ సూది పొడిచిన సంగతే తెలియలేదందని, నేను ఊరంతా టముకు వేశాను.

వారానికి చుక్కలు పోయాయి. అక్కణ్ణుంచి మొదలుపెట్టి నాలుగు వారాలు వేళ్ల మీద లెక్కపెట్టాను. మూడో వారంలో ఒక పొద్దున మేనేజరు నాచుతో పాటు నా వేలు కూడా కొరికింది. అంత హాయి నొప్పి నేనెరగను.

నాలుగు వారాలు నిండిన రోజు తమ్ముడు సముద్రపు ఉప్పు డబ్బా తెచ్చాడు.

"ఇక మామూలు నీళ్లకి రావాలక్కా. వారం రోజులు, కొంచెం కొంచెంగా. ఇవాళ పదకొండు," అంటూ చెంచా నా చేతిలో పెట్టాడు.

"నువ్వు దగ్గరుండు."

"నాకు బయట పన్ను పీకే పనుంది," అని తలుపు మూసి వెళ్లిపోయాడు.

ఉప్పు ఉంది, చేప ఉంది, నేనున్నాను. మూడో మనిషి లేడు. చెంచాడు ఉప్పు బకెట్లో కరిగించి పోశాను. గొట్టంలో చూశాను. మళ్లీ చెంచాడు, మళ్లీ చూడడం. అలా ఎన్నిసార్లో! చివరికి గీత సరిగ్గా పదకొండు మీద నిలబడగానే చెంచా కింద పెట్టేశాను. మేనేజరు అద్దం దగ్గరికొచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"పదకొండు, డాక్టరుగారూ!" అని కేకేశాను.

తలుపు మూసే ఉంది. అయినా నా నోట "ఒరేయ్" రాలేదు.