అయస్కాంతానికి కదలని సున్నా

బేసినెడు అనపగింజలు. కుప్పంలో సెమినారుకు బయలుదేరేలోపు వాటి పొట్టు పితికి, కూర వండిపెట్టి వెళ్లాలి. పావని ఏదో కనిపెట్టిందన్న సంబరానికి సాయంత్రం చుట్టాలు భోజనానికి వస్తున్నారు. వంట మాత్రం కనిపెట్టినావిడదే.

“ఏందో కనిపెట్టిందంట మా కోడలు. ఇంట్లో ఇంగువ డబ్బీ యాడుండాదో ఇంతవరకు కనిపెట్టలా,” అని అత్త వసంతమ్మ పక్కింటామెతో అంటోంది, లోపలికి వినబడేలా.

వేరే రోజయితే పావని మనసులోనే ఒక జవాబు తయారుచేసుకుని నవ్వుకునేది. ఈరోజు గింజ నొక్కితే పప్పు ఎగిరి గోడకు తగిలింది.

నెల కిందట మదనపల్లె కాలేజీ ల్యాబులో ఇనుము, సెలీనియం కలిపి చిన్న పలక మీద పలచటి పొర పూసింది. బాగా చల్లబరిస్తే అందులో కరెంటుకు అడ్డు పూర్తిగా పోవాలి. పోయింది! తెరమీద గీత నిట్టనిలువునా సున్నాకు పడింది. ఆమె గైడు భీమరావు సారు మైసూరుపాకు పంచారు. భర్త గిరిబాబు పుంగనూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. అందులో గిరిబాబు దణ్ణం పెడుతూ నిలువెత్తున ఉన్నాడు. పావని ఒక మూలన, తపాలా బిళ్లంత.

మొన్న ఆ పొరలో ఛార్జి కణాలు ఎంత చురుగ్గా కదులుతున్నాయో కొలవడానికి అయస్కాంతం పెట్టింది. అడ్డు లేకుండా కరెంటు పారే నిజమైన సూపర్ కండక్టర్ అయితే అయస్కాంతం ముందు ఆ సున్నా గ్రాఫులో ఇంకా చల్లని వైపుకు జరగాలి. ఇది ఇసుమంతైనా జరగలేదు. చల్లబరిచే పెట్టె తెరిచి, పలకను మైక్రోస్కోపు కింద చూసింది. వోల్టేజి చదివే రెండు తీగలూ ఒకదానికొకటి ఆనుకోబోతున్నాయి. చలికి కాస్త ముడుచుకుని తాకితే చాలు, మీటరు సున్నా చూపిస్తుంది. వాటిని వెండి పేస్టుతో అంటించింది తనే. అప్పుడు భుజానికీ చెవికీ మధ్య ఫోను, అవతల ఇంటినుంచి గిరిబాబు.

“కుక్కర్ గ్యాస్కెట్ యాడ పెట్టినావు?”

“సింకు పక్కనే ఉండాది, సూడండి.”

“ఆడ ల్యా. నువ్వే వచ్చి తీసియ్యి.”

మదనపల్లె నుంచి పుంగనూరు వచ్చి తీసివ్వాలట!

తీగలు విడదీసి, మళ్లీ అంటించి, మళ్లీ చల్లబరిచింది. సున్నా రాలేదు.

భీమరావు సారుకు చెబితే, “గ్రాఫు బాగొచ్చిండాది కదమ్మా, మళ్లీ యాల కెలుకుతావు? కుప్పం కానీ ముందు,” అన్నారు. గిరిబాబు మాట ఎప్పుడో అయిపోయింది: “ఆరేండ్లు సూసినా. ఈసారి డాక్టరేటు రాకుంటే ఇంట్లో ఉండు.” చెబితే ఆరేళ్లూ పోతాయి, ల్యాబు గుమ్మం మళ్లీ తొక్కనివ్వరు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆమెను ఎక్కువ భయపెడుతున్నది ఈ రెండోదే.

ఎందుకంటే, ల్యాబులో కొత్తగా చేరిన దీపిక నెలగా ఆ సున్నా కోసమే పొర మీద పొర చేస్తోంది. పదకొండు అయ్యాయి. “నా సెయ్యే మంచిది కాదేమో అక్కా. ఊరికి పొయ్యి టీచరుద్యోగం సూసుకుంటా,” అని నిన్న ఏడ్చింది. పావని ఆ పిల్ల వీపు నిమిరింది గానీ తీగల సంగతి చెప్పలేదు. నిమిరిన ఆ చేతిని తలుచుకుంటే ఇప్పుడు తనమీద తనకే భయం వేస్తోంది.

కుప్పంలో హాలు నిండింది. గిరిబాబు ముందు వరసలో కూర్చుని ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. మొదటి గ్రాఫుకే చప్పట్లు మోగాయి. ఇక చాలన్నట్టు భీమరావు సారు తల ఊపారు. ఆమె మైక్రోస్కోపు ఫోటో తెరమీదకు తెచ్చింది.

“ఈ రెండు తీగలు తాకినాయి. మీరు చప్పట్లు కొట్టిన సున్నా వీటిది, పొరది కాదు.”

గిరిబాబు ఫోను దించాడు. ఎవరో దగ్గారు. పావని ల్యాబు వాళ్లు కూర్చున్న చివరి వరసలో దీపిక కోసం వెతికి, మైకు వదలకుండానే అంది:

“నీ సెయ్యి మంచిదే అమ్మా. తప్పు నాది.”