గాలికంత

పొయ్యిలో మూడో కట్టె పెట్టేముందు జలంధర్ చెక్కగోడకు చేతి వెనకభాగం ఆనించి చూశాడు. వెచ్చగా ఉంది, చురుక్కుమనడం లేదు. పొయ్యికీ చెక్కకూ నడుమ ఇటుకల అడ్డుగోడ, ఆ ఇటుకకూ చెక్కకూ మధ్య నాలుగువేళ్ల ఖాళీ. ఆ ఖాళీ లేకపోతే ఇటుక ఎంత మందంగా కట్టినా వేడి మెల్లగా అవతలికి పాకి, ఏదో ఒకనాడు చెక్కను అంటిస్తుంది. పైకప్పు దాటే పొగగొట్టం చుట్టూ కూడా అంతే జాగ్రత్త. పని అయిందనిపించి చేతులు దులుపుకునే మనిషి కాదతను.

అల్ ఘర్రాఫాలోని ఆ విల్లాలో ఉండేది చలిదేశపు ఇంజనీరు కుటుంబం. ఖతర్ ఎండ చాలదన్నట్టు, చెమట పట్టించుకోవడానికి పెరట్లో చెక్కగది కట్టించుకున్నారు. లోపల కట్టెలపొయ్యి, దానిమీద రాళ్లు, రాళ్లమీద నీళ్లు చిలకరిస్తే ఆవిరి. ఆ సంగతి విని కూలీల క్యాంపంతా కడుపుబ్బ నవ్వింది. జూన్‌లో స్లాబు మీదికొస్తే ఫుకట్‌గా చెమట పట్టిస్తామన్నారు. జలంధర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే, పొయ్యితో పాటు వచ్చిన కాగితాన్ని వారంపాటు జేబులో పెట్టుకు తిరిగాడు. అందులోని భాష అతనికి రాదు. బొమ్మలూ అంకెలూ చాలు.

పదమూడేళ్ల మేస్త్రీ పనికి అది చివరి రోజు. తొంభై ఏడు జనవరి. సాయంత్రం ఆరింటికి విమానం. ఇక జగిత్యాల పక్కన ఊరు, భార్య గంగాబాయి, తిరిగి రానక్కర్లేని ఇల్లు. కంపెనీ పొద్దున్నే సెలవిచ్చింది. అయినా పొయ్యి అంటించి చూడందే పోనన్నాడు. దానికి కారణం లూర్దమ్మ.

ఆ ఇంట్లో వంటా పనీ చేసే లూర్దమ్మది గుడివాడ వైపు. రెండేళ్ల కిందట ఇదే ఇంటి ప్రహరీ కడుతూ అతను జ్వరంతో కూలబడితే, పదకొండు రోజులు గంజి కాచి క్యాంపుకు పంపింది. ఆ గంజితోనే బతికానని కనబడ్డవాళ్లందరికీ చెబుతాడు. ఇకమీద ప్రతి శుక్రవారం ఈ పొయ్యి అంటించాల్సింది ఆమే.

"యల్లా అక్కా, ఇగ తలుపు మూసి చూద్దాం," అన్నాడు, 'పద' అనడానికి అలవాటైన అరబ్బీ మాటతో. ఆమె బల్లమీద కూర్చుంది. కాసేపటికే మంట నీరసించింది. పొయ్యి నోట్లోంచి పొగ వెనక్కి తన్నింది.

"తల తిరుగుతోంది తమ్ముడూ," అంది లూర్దమ్మ దగ్గుతూ. అతను తలుపు తన్ని ఆమెను రెక్క పట్టుకుని బయటికి తెచ్చాడు. వేపచెట్టు నీడన కూర్చోబెట్టి నీళ్లు తాగించాడు. ఆమె ముఖంలోకి రంగు తిరిగొచ్చేదాకా తువ్వాలుతో విసురుతూనే ఉన్నాడు.

పొగగొట్టం చూశాడు. తెరిచే ఉంది. మరి గాలి?

అప్పుడు తట్టింది. పొయ్యి వెనక, నేలకు జానెడు ఎత్తున, బొమ్మలో బాణం గుర్తు వేసినచోట తానే వదిలిన కంత. నిన్న సామాను సర్దుకుంటూ దాన్ని సిలికాన్‌తో పూడ్చి, బొటనవేలితో నున్నగా దిద్దింది కూడా తానే. ఈ దేశంలో గోడకు కంత కనబడితే మూయడమే పని. ఏసీ చల్లదనం పోతుందని, ఇసుక వస్తుందని ఫోర్‌మన్ తిట్టని రోజు లేదు. పదమూడేళ్లుగా మూసిన చేయి, బుర్రను అడగకుండానే ఇదీ మూసింది.

"నేనే బంద్ జేసిన అక్కా," అన్నాడు తల వంచుకుని. "నిన్ను సంపుతుంటి."

"చాల్లే, బతికే ఉన్నాగా. ముందు దాన్ని తెరువు," అంది ఆమె.

కత్తితో కోసి తెరవగానే మంట బుస్సుమని లేచింది. ఈసారి తలుపు వేసుకుని తానొక్కడే అరగంట కూర్చున్నాడు. పొగ లేదు, తల తిరగలేదు. చెమటతో తడిసి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ బయటికొచ్చాడు. ఆమె ప్రాణానికి ఏమీ కానందుకు కనబడని దేవుళ్లందరికీ దండం పెట్టుకున్నాడు.

కానీ లూర్దమ్మ గడ్డం కింద చేయి పెట్టుకుని ఆ కంతనే చూస్తోంది. "నువ్వెళ్లాక ఎవరో ఒకరు మళ్లీ మూసేస్తారయ్యా. ఎలుక దూరిందంటే మన డ్రైవర్ మస్తానే గుడ్డలు కుక్కేస్తాడు."

ఆ మాట నిజం. జలంధర్ మస్తాన్ కారులో పెట్టిన తన అట్టపెట్టె తాడు విప్పాడు. చీరల అడుగునుంచి పెద్ద కన్నాల స్టీలు జల్లెడ తీశాడు. గోడకు బయటివైపు కంతమీద బోర్లించి, అంచుకు నాలుగు స్క్రూలు బిగించాడు.

"మరదలికని కొన్నావు కదయ్యా!"

"దానికి ఊర్ల కొనిస్త. ఎలుక రాదు, గాలి ఆగదు. నువ్వు పోసిన గంజి నేను మర్వలేదక్కా."

లూర్దమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. మస్తాన్ హారన్ కొట్టాడు. జలంధర్ పెట్టెకు మళ్లీ తాడు బిగించి, కారెక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున లూర్దమ్మ పొయ్యి అంటించి, బయటికొచ్చి జల్లెడ దగ్గర చేయి పెట్టింది. వేళ్ల సందుల్లోంచి గాలి చల్లగా లోపలికి పోతోంది. స్టీలు అంచుమీద మేకుతో కొట్టిన చుక్కలు ఆమె వేలికి తగిలాయి: గంగాబాయి.