మంచి పేగు కూడా

నేను దవాఖానలో చేరే రోజు పొద్దున కూడా నా చేత నూలు కండెలు చుట్టించుకున్నాడు నా మొగుడు నరేందర్. మా గద్వాల ఇంట్లో చీర నేసిన పేరు అతనిది. పోగులు అతకడం, కండెలు చుట్టడం, అతను నేసి లేచాక గుంటమగ్గం గోతిలో దిగి నేయడం నా వంతు. ఇరవై ఏళ్లుగా దాన్ని పని అని ఎవరూ అనలేదు. "స్వరూప ఊకెనే కూసుంటది" అంటారు.

నా పేగులో గడ్డ క్యాన్సర్ అని తేలాక డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "గడ్డ ఒక్కటే తీస్తే మళ్ల రావచ్చమ్మా. అటూ ఇటూ మంచి పేగు కూడా కోయాలె, పక్కనున్న లింఫు బిళ్లలు తీయాలె. లోపల అతుకు మానేదాక కొన్ని నెలలు కడుపు మీద సంచి ఉంటది. మలం అండ్లకే వస్తది."

నాకు వెంటనే అర్థమైంది. పోయినేడు ఎలుకలు ఉచ్చ పోసి మగ్గం మీది పడుగు, నిలువు పోగులన్నీ, మక్కింది. పోగు దండగని నరేందర్ మరక అంచుదాకానే కోశాడు. ఇంకో జానెడు కోద్దామంటే వినలేదు. రెండు రోజులు కూర్చుని ఒక్కో పోగూ అతికాను. నాలుగు వేళ్లు నేసేసరికి ముడుల పక్కన మక్కిన పోగే పటపటా తెగింది. "నీ ముడులే వదులు" అని తిట్లు నాకు.

"మలం సంచితోని వంటింట్లకు ఎట్ల వస్తవే?" అంది మా అత్త జోగులమ్మ. బతికితే కదా వంట! నోటిదాకా వచ్చింది, మింగాను. నరేందర్ మాత్రం మగ్గం వైపు చూశాడు. ఆ చూపుకే నాకు భయమేసింది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నర్సు ఏసమ్మ కాగితం తెచ్చింది. "సంచి వద్దని, గడ్డ వరకే తీయమని మీ ఆయన రాసిచ్చిండు. నిన్ను అడగంది కత్తి పట్టనన్నది డాక్టరమ్మ. నీకు ఎరుకేనా?"

పక్కనే ఉన్న నరేందర్ వైపు చూశాను.

"సంచి పెట్టుకుంటే గుంటల ఎట్ల కూసుంటవ్? మగ్గం ఎవరు నేస్తరు?" అన్నాడు. "మళ్ల వస్తే అప్పుడు చూద్దాం తియ్."

మళ్లీ వస్తే! నా కడుపులోకి అది మళ్లీ వస్తే, అప్పుడు చూస్తాడట!

కాగితం లాక్కుని అతని రాతను అడ్డంగా కొట్టేశాను. "ఎంత కోయాలంటే అంత కోయమను ఏసమ్మా." కింద సంతకం పెట్టాను.

"అయితే ఆ సంచితోని నా గడప తొక్కకు." ఇరవై ఏళ్లలో అతను అంత నెమ్మదిగా ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఏసమ్మ కాగితం చివర ఖాళీ గడి చూపించింది. "డిశ్చార్జి అయినంక ఎక్కడికి పోతవో రాయాలె."

"అది ఖాళీగనే ఉంచు. ముందు నన్ను బతకనియ్యి."