కుట్టు మీద కోత

షాపులో నీ పనేమిటని ఎవరైనా అడిగితే "చెకింగ్" అని చెప్తాను. అమ్మకి కూడా అలాగే చెప్పాను. నిజానికి నేను చేసేది కొయ్యడం. అమ్ముడుపోని బట్టలూ, కొన్నవాళ్ళు ఒకసారి తొడుక్కుని చూసి వెనక్కి తెచ్చిచ్చినవీ వెనక గదిలో గుట్టగా పోస్తారు. మళ్ళీ ఎవరూ కట్టుకోవడానికి వీల్లేకుండా వాటిని కత్తెరతో కోసి, నల్ల సంచుల్లో కుక్కి, వెనక సందులో ఉన్న చెత్త డబ్బాల్లో పడెయ్యాలి. అన్నీ కొత్తవే. కొన్నిటికి ట్యాగు కూడా ఊడి ఉండదు.

చేరిన కొత్తలో మేనేజరుగారిని అడిగాను. "ఇదేం పని సార్? ఎవరికైనా ఇచ్చేస్తే పుణ్యం కదా?"

ఆయన బట్ట మొహం చూడకముందే ట్యాగు చూస్తాడు. అందుకని మేమంతా చాటుగా ఆయన్ని ట్యాగు సారు అంటాం.

"బయట ఊరికే దొరికితే లోపలికొచ్చి ఎవరు కొంటారమ్మా? పైనుంచి ఆర్డరు. నువ్వు కొయ్యి, నేను సంతకం పెడతాను. మన పని అంతవరకే," అన్నాడు.

చెడ్డవాడని చెప్పలేను. ఒంట్లో బాగాలేదంటే సెలవిస్తాడు. ఆయన చొక్కాలు కూడా మా షాపువే, రెండు ఉతుకులకే మెడ దగ్గర నూగు లేచిపోయి ఉంటాయి. పైవాళ్ళ మాట పొల్లుపోనివ్వడు, అంతే.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? స్టాఫుకి చవగ్గా ఇస్తారు కదా అని కనబడిందల్లా కొన్నాను. నా బీరువా తలుపు మూయాలంటే మోకాలు అడ్డం పెట్టి తొయ్యాలి. అందులో నేను ఒక్కసారి కూడా తొడగని చొక్కాలు ఎన్నో నాకే తెలియదు. వారం తిరిగేసరికి కొత్త సరుకు దిగుతుంది, పాతది నా బల్ల మీదికొస్తుంది. దిగేదీ పోయేదీ ఒకటే లారీ అయితే ఇంకా సులువు కదా అనిపించేది ఒక్కోసారి.

అమ్మది బట్టలు సరిచేసే పని. మా వీధి గది ముందు భాగంలో కిటికీ పక్కనే మిషను. లూజు టైటు చేస్తుంది, టైటు లూజు చేస్తుంది, చిరిగిన చోట అతుకు తెలియకుండా కలుపుతుంది. ఒకప్పుడు ఆ గదిలో కాలు పెట్టే చోటుండేది కాదు. ఇప్పుడు ఎవరొస్తారు? బాగు చేయించుకునేదానికన్నా కొత్తది చవకైపోయింది. వచ్చినవాటిని లోపలికి తిరగేసి అమ్మ పళ్ళు కొరుకుతుంది.

"చూడవే, వేలెడు బట్ట కూడా వదల్లేదు లోపల. పిసినారి కుట్టు. రేపు ఈ పిల్ల ఒక్క చుట్టు ఒళ్ళు చేసిందంటే దీన్నెలా వదులు చెయ్యను?"

అమ్మ కుట్టినదాంట్లో అయితే లోపల ఎప్పుడూ కొంత బట్ట మిగిలే ఉంటుంది, మనిషి మారతాడని ముందే తెలిసినట్టు.

అలా మిషను నెమ్మదించాక ఇంటి అద్దె నా జీతం మీద పడింది. ఈ ఉద్యోగం ఊడితే మేమిద్దరం వీధిలోనే. అందుకే ట్యాగు సారు ఏది కొయ్యమంటే అది కోస్తూ వచ్చాను. షాపువాళ్ళిచ్చిన కత్తెర బట్టని నమిలేదే తప్ప కోసేది కాదు. అమ్మ పాత కత్తెర అడిగి తెచ్చుకున్నాను, ట్యాగులు కత్తిరించడానికని చెప్పి.

ఆ కత్తెర నా చేతికి కొత్త కాదు. చిన్నప్పుడు అమ్మ నాకిచ్చిన మొదటి పని కుట్లు విప్పడం. పొరపాటున బట్టకి గాటు పడిందా, చేతి మీద ఒక్కటిచ్చేది. "కుట్టు మనది, బట్ట పరాయివాళ్ళది. మనది మనం విప్పుకోవచ్చు. వాళ్ళది కొయ్యడానికి మనమెవరం?" అనేది. దెబ్బ తిని తిని నా బొటనవేలుకి ఒక అలవాటు పట్టింది. ఏ బట్ట పట్టుకున్నా ముందు కుట్టు ఎక్కడుందా అని వెతుక్కుంటూ పోతుంది.

షాపులోనూ అదే జరిగింది. నేనేదో మంచి పని చేద్దామని కంకణం కట్టుకోలేదు. కత్తెర కుట్టు వెంట పోయేది, బట్ట విడిపోయేది. విడిపోయింది కదా, పని అయిపోయినట్టే అనుకున్నాను. ట్యాగు సారు సంచులు లెక్కపెట్టుకుని సంతకం పెట్టేవాడు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ ఒళ్ళో ఒక నీలం గౌను ఉంది. చిన్నపిల్లలది, మెడ దగ్గర తెల్ల అంచు. ఆ పొద్దున్నే దాన్ని నా చేతులతో కోశాను.

ఎదురుగా పీట మీద మూటల మామ్మ కూర్చుని ఉంది. మా వీధి చివర పాత బట్టలు పరుచుకుని అమ్ముతుంది. చంకలో మూట లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు, అందుకే ఆ పేరు.

"రావే, రా! ఇది చూడు. మీ షాపు వెనక సందులో దొరికింది. చక్కని సరుకు చెత్తలో పడేస్తారేంటే, వాళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయా?" అంది మామ్మ.

"నాకేం తెలుసు మామ్మా, నాది చెకింగ్," అని నీళ్ళు నమిలాను.

అమ్మ గౌను లోపలికి తిప్పి కిటికీ వెలుతురులో పట్టుకుంది. "కోసిందెవరోగానీ పని తెలిసిన మనిషి. ఎక్కడా బట్ట తెగలేదు చూడు. కుట్టు వెంబడే పోయింది కత్తెర. ఏ తల్లి నేర్పిందో, బాగా నేర్పింది," అంది.

అప్పుడే చెప్పేయాల్సింది. చిరిగినదాన్ని బతికించి నన్ను పెంచిన మనిషికి, నీ కూతురు బాగున్నవాటిని చీల్చి జీతం తెస్తోందని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెప్పకపోగా మర్నాటి నుంచి ఇంకాస్త శుభ్రంగా కొయ్యడం మొదలుపెట్టాను. మూల మలుపుల దగ్గర కత్తెర మొన పెట్టి పోగులు విప్పేదాన్ని. పొగడ్త ఎవరికి చేదు? సాయంత్రం మామ్మ మూట విప్పుతుంటే ఏమీ ఎరగనట్టు పక్కన చేరి, అమ్మ ఆ కోతని ఏమంటుందా అని చెవులు రిక్కించి వినేదాన్ని. మామ్మ అమ్ముకోవడానికి తెచ్చిన ముక్కలు కలుపుతూ అమ్మ మిషను మళ్ళీ మోగుతోంది. ఆ చప్పుడు వింటుంటే నాకు సంతోషంగా ఉండేది.

ఈ వైభోగం ఒక జాకెట్టుతో ముగిసింది. చలికి పైన తొడుక్కునే, జిప్పున్న ఎర్ర జాకెట్టు. ఒక కాలేజీ పిల్ల దాన్ని మా కౌంటరు దగ్గరికి తెచ్చి, జిప్పు పట్టేసింది, మార్చివ్వమంది. ట్యాగు లోపల అలాగే ఉంది. మేనేజరుగారు అలవాటుగా ముందు ట్యాగు చూశాడు, తర్వాత ఎందుకో లోపలంతా తిరగేశాడు. పక్క కుట్టు మీద వేలు పెట్టి నిలబడిపోయాడు.

"మన ఫ్యాక్టరీ వాళ్ళు ఇంత బాగా కుట్టరే!" అన్నాడు.

కుట్టు చివర ముడి లోపలికి తోసి, దాని మీద వెనక్కి ఇంకోసారి కుట్టి ఉంది. అలా ముగించేది మా అమ్మ. దూరం నుంచే పోల్చుకున్నాను. ఆ పిల్ల మామ్మ దగ్గర కొని, మా దగ్గర మార్చుకుందామని వచ్చింది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆయన పిల్లని పంపించేసి, జాకెట్టు పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. ఆ రోజు నేను కట్టిన సంచి విప్పి నేల మీద గుమ్మరించాడు. ఒక్కొక్కటే తీసి చూశాడు.

"ఒక్కటి కూడా అడ్డంగా తెగలేదే! ఎవరితో కుమ్మక్కయ్యావమ్మా?"

"ఎవరితోనూ కాదు సార్. అలవాటు."

"అలవాటా?" ఆయన నా మొహంలోకి చూశాడు. నమ్మాడనే అనుకుంటాను. కానీ నమ్మి ఏం చేస్తాడు? "పైవాళ్ళకి తెలిస్తే నీతోపాటు నన్నూ సాగనంపుతారు. ఇదిగో, నా ఎదురుగా కొయ్యి. ఛాతీ మీద, అడ్డంగా. ఇంకోసారి కుట్టు మీద కోత కనబడిందంటే నువ్వింక రానక్కర్లేదు."

ఎర్ర జాకెట్టు బల్ల మీద పెట్టాడు. అమ్మ కుట్టిన జాకెట్టు. నాకు అద్దె గుర్తొచ్చింది. కత్తెర అడ్డంగా పెట్టి బలంగా నొక్కాను. జిప్పు దగ్గర టక్కుమంది, అయినా పోనిచ్చాను. మిగతావన్నీ కూడా అలాగే కోశాను.

సాయంత్రం మామ్మ మూటని మా గుమ్మంలో విసిరికొట్టింది. "నరికేశాడమ్మా, నరికేశాడు! వాడి చేతులు పడిపోను! ఒక్కటి పనికొస్తే ఒట్టు!"

అమ్మ పైనున్న ఎర్ర జాకెట్టు తీసింది. రెండు ముక్కల అంచులూ దగ్గర పెట్టి చూసింది, లాగి చూసింది. కలిపితే పొట్టిదైపోతుంది, జిప్పు పడదు, కలపకపోతే గుడ్డ. తను కుట్టిందేనని కూడా పోల్చుకుంది.

"చెయ్యి మారింది. ఆ మనిషిని తీసేసినట్టున్నారు పాపం," అంది. "అంత బాగా కోసేది. ఎవరి పిల్లో, ఇప్పుడెలా బతుకుతుందో."

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"నీ సంచిలో కత్తెర ఇటివ్వవే. మామ్మ మూటకి ఈ ముక్కల్లోంచే తాడు కోసిస్తాను, దానికైనా పనికొస్తాయి," అంది అమ్మ.

ఇచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? అమ్మ ఏ కత్తెర పట్టుకున్నా ముందు పదును మీద బొటనవేలు పోనిచ్చి చూస్తుంది. పోనిచ్చింది. మధ్యలో వేలు ఆగింది. అక్కడ చిన్న గంటు పడి ఉంది. ఒళ్ళో ఉన్న జాకెట్టు జిప్పు తెగిన చోటు చూసింది. మళ్ళీ గంటు చూసింది. మామ్మ ఇంకా తిడుతూనే ఉంది. అమ్మ తాడు కోసి, మూట కట్టి, ఆవిడని గుమ్మం దాకా సాగనంపి వచ్చింది.

"జిప్పు మీదుగా పోనిచ్చావా?" అంది.

"ఊఁ."

"ముందరివి కూడా నువ్వేనా?"

"నేనేనమ్మా."

తిడుతుందనుకున్నాను. నాలుగు తిట్టినా బాగుండేది.

"అయితే తీసెయ్యలేదన్నమాట. పోనీలే, మంచిదే. అద్దె కట్టాలి కదా," అంది. ఎత్తిపొడవలేదు, మనస్ఫూర్తిగానే అంది. అదే నన్ను ఎక్కువ కోసింది. "వాళ్ళు కొయ్యమన్నప్పుడు కొయ్యాలి, తప్పదు. ఈ కత్తెర మాత్రం ఇక్కడుండనీ."

మిషను సొరుగు తెరిచి కత్తెర అందులో పెట్టింది. ఎర్ర జాకెట్టు ముక్కతో మిషను మీద నూనె తుడవసాగింది.

మర్నాడు ఉత్త చేతులతో వెళ్ళాను. మేనేజరుగారు షాపు కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టి, తలుపు దగ్గర నిలబడ్డాడు. గుట్ట పైన ఒక గౌను ఉంది, మొన్నటి నీలం గౌను లాంటిదే, రంగు పసుపు. దాన్ని పరిచాను.

"అడ్డంగా," అని గుర్తుచేశాడు.

కత్తెర గౌను ఛాతీ మీద పెట్టాను. ఎడమ చేత్తో బట్ట బిగించి పట్టుకున్నాను. బొటనవేలు దానంతట అదే జరిగి, చంక కింద కుట్టు మీదికి వెళ్ళి ఆగింది. ఈసారి దాన్ని వెనక్కి లాక్కోలేదు. కత్తెరే జరిపాను.

"అమ్మా, చెప్పింది వినపడిందా?"

"వినపడింది సార్."

షాపు కత్తెర కదా, నమిలింది. మెల్లగా, బట్టకి గాటు పడకుండా, ఒక్కో పోగే తెంపుకుంటూ చంక నుంచి అంచు వైపు వచ్చాను. ఆయన ఆపమన్నాడు. దగ్గరికొచ్చి మళ్ళీ ఆపమన్నాడు, ఈసారి బతిమాలుతున్నట్టు.

"ఇంకో జానెడే ఉంది సార్," అని కుట్టు చివరిదాకా కోశాను.